ప్రత్యక్ష నారాయణుడి వాచీ

బాబాయ్ సంవత్సరీకాలకి అమలాపురం వెళ్ళాను. భోజనాలయ్యి, చుట్టాలంతా బస్సుల టైము చూసుకుని ఒక్కొక్కరే బయల్దేరాక పిన్ని నన్ను వెనక గదిలోకి పిలిచింది.

"ఒరే నాన్నా, మీ బాబాయ్ బల్ల ఇలాగే ఉండిపోయిందిరా. సొరుగుల్లో ఏది ఏమిటో నాకు తెలీదు. నీకు పనికొచ్చేవి పట్టుకుపో. మిగతావి పాతసామాను వాడికి వేసేస్తాను."

గడియార స్తంభం దగ్గర కొట్టు తీసేసినప్పుడు ఇంటికొచ్చిన బల్ల అది. సొరుగు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా పట్టి గుంజితే ఒక్కసారిగా ఊడొచ్చింది. దాంతోపాటే ఆ వాసనా వచ్చింది. పెట్రోలు, వాచీ నూనె, చెమట పీల్చిన తోలు బెల్టులు, ఇత్తడి. కొట్టు మూసి పదేళ్ళు దాటినా చెక్క ఆ వాసనని వదల్లేదు. నేను పక్కనున్న బియ్యం బస్తా మీద అలాగే కూర్చుండిపోయాను.

ఖాళీ బామ్ సీసాల్లో స్క్రూలు. అగ్గిపెట్టెల్లో వాచీ ముళ్ళు. రబ్బరు ఊదుడుబుడ్డి ఎండిపోయి పగిలింది. కంటికి పెట్టుకునే ఐగ్లాసు మాత్రం చెక్కుచెదరలేదు. సొరుగు అడుగున పసుపు ఫ్లానెల్ గుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పేలోపే చేతికి తెలిసిపోయింది. నాన్న వాచీ.

*

కొట్టు అంటే పెద్దదేం కాదు. ఒక బట్టల షాపు మెట్ల పక్కన నాలుగడుగుల వెడల్పు జాగా, ముందు అద్దాల బల్ల, బల్ల వెనక బాబాయ్, బాబాయ్ వెనక గోడనిండా గడియారాలు. రిపేరుకొచ్చినవి కాబట్టి ఒక్కోటి ఒక్కో టైము చూపించేది. అన్నీ కలిసి చేసే చప్పుడు మొదట్లో చెవుల్లో గోలగా ఉండేది, రెండు రోజులయ్యాక వాన చప్పుడులా అయిపోయేది. వేసవి సెలవుల్లో నన్ను అక్కడ కూర్చోబెట్టేవారు. ఇంట్లో ఉంటే చెరువులో పడతానని అమ్మ భయం.

నా పనులు చిన్నవే. బంకు నుంచి సీసాలో పావులీటరు పెట్రోలు తేవడం, విప్పిన సామాన్ల మీద దుమ్ము పడకుండా గాజుబుడ్లు బోర్లించడం, బెల్టులకి పిన్నులు వేయడం. సాయంత్రం కొట్టు ఊడవడం కూడా నా పనే, కానీ ఊడ్చిన దుమ్ము బయట పారబోయడానికి వీల్లేదు. ఒక తెల్లకాగితం మీద పోసి, బాబాయ్ దాని మీద అయస్కాంతం తిప్పేవాడు. ఎక్కడో ఒక స్క్రూ, ఒక స్ప్రింగు ముక్క దానికి అంటుకుని లేచేది. "చూశావా, ఇది ఎవరిదో అడుగుతూ రేపొస్తారు" అని దాన్ని సీసాలో వేసేవాడు.

ఊళ్ళో సగం చేతులకి హెచ్‌ఎంటీలే ఉండేవి. జనతా, పైలట్, సోనా, కోహినూర్. పెళ్ళికొడుక్కి కాంచన్ పెట్టాలంటే దొరక్క, తెలిసినవాళ్ళని పట్టుకుని సిఫారసు చేయించుకునేవాళ్ళు. బాబాయ్‌కి ఆ వాచీలన్నీ చేతికి వచ్చిన విద్య. మూత తీయకముందే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. జనతా గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 5 చప్పుళ్ళు. ఆ ఐదింట్లో ఎక్కడ తేడా ఉందో ఆయన చెవి పట్టేసేది. "దీనికి హెయిర్ స్ప్రింగ్ అంటుకుంటోందండి", "నూనె ఎండిపోయిందండి", "పడేశారు కదండీ" అని చెప్పేసేవాడు. పడేసిన సంగతి తను చెప్పకుండానే ఎలా తెలిసిందా అని వచ్చినాయన తెల్లమొహం వేసేవాడు.

టైము మాత్రం రేడియోదే. వార్తలకి ముందు ఆకాశవాణి కూతలు వచ్చే వేళకి బాబాయ్ ఒక చేత్తో వాచీ కీ లాగి పట్టుకుని ఉండేవాడు. ఆఖరి కూతకి టక్కున నొక్కేవాడు. ఆ కాసేపు కొట్టులో ఎవరూ మాట్లాడకూడదు, వచ్చినవాళ్ళతో సహా.

*

ఆ రోజుల్లోనే మా మావయ్య మస్కట్ వెళ్ళాడు. మా వైపు నుంచి గల్ఫు వెళ్ళడం అప్పుడప్పుడే ఊపందుకుంది. రాజోలు, మలికిపురం వైపు ఇంటికొకరు ఉండేవారు. మావయ్య మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తాడుతో కట్టిన పెద్ద పెట్టె విప్పుతుంటే మేమంతా చుట్టూ చేరాం. టూ ఇన్ వన్, నైలాన్ చీరలు, సెంటు సీసాలు, పిల్లలకి చాక్లెట్లు. అన్నీ పంచాక జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి, "ఇది మీకు బావగారూ" అని నాన్న చేతిలో పెట్టాడు.

జపాను వాచీ. చతురస్రంగా, స్టీలు చైనుతో, ముళ్ళు లేకుండా అంకెలతో. అంకెల పైన నల్లగా నిగనిగలాడుతూ నాలుగు గడులు. వాటి మీద వెలుగు పడితే ముదురు ఊదారంగు మెరిసేది. "దీనికి కీ అక్కర్లేదు బావగారూ, సెల్లు మార్చక్కర్లేదు. ఎండ చూపిస్తే చాలు, అదే నడుస్తుంది" అన్నాడు మావయ్య.

నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆ మాట వినగానే ఆయన మొహం ఎలా వెలిగిందో నాకింకా గుర్తుంది. "అంటే ప్రత్యక్ష నారాయణుడు నడిపే వాచీ అన్నమాట" అన్నాడు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో దాని పేరు అదే అయిపోయింది.

ఇక రోజూ పొద్దున్నే స్నానం చేసి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, వాచీని తులసికోట గట్టు మీద పెట్టేవాడు. అరుగు మీద పేపరు చదువుతూ ఓ పది నిమిషాలు అటో కన్నేసి ఉంచేవాడు. తర్వాత చేతికి పెట్టుకుని బడికి. క్లాసులో పిల్లలకి విప్పి చూపించేవాడట. రథసప్తమి నాడైతే దానికి ప్రత్యేక మర్యాద. జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం, పిడకల మీద పాలు పొంగించడం, చిక్కుడుకాయల రథం, ఆ రథం పక్కనే చిక్కుడాకు మీద వాచీ. ఒక ఏడాది గొల్లల మామిడాడ సూర్యదేవాలయానికి కూడా దాన్ని పెట్టుకునే వెళ్ళాడు. గుడి బయటికొచ్చి, ఎండలో చెయ్యి చాపి, "స్వామివారి దర్శనం దీనికీ అయింది" అన్నాడు. ఆయనకి అది వేళాకోళం కాదు.

బాబాయ్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు అలవాటుగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. "ఏమీ వినపడదేంటి అన్నయ్యా! ఇది బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. కానీ నెల తర్వాత రేడియో కూతలతో సరిచూసి, కొన్ని సెకన్లే తేడా ఉందని తెలిశాక మళ్ళీ ఆ మాట అనలేదు. వాచీని తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు.

*

నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత పగలు నడిచి రాత్రి ఆగిపోవడం మొదలుపెట్టింది. పొద్దున్న ఎండలో పెడితే 12 గంటల నుంచి మళ్ళీ మొదలు. లోపల ఉన్న ఛార్జింగు సెల్లు పట్టు వదిలేసిందన్నమాట. అప్పట్లో అది మాకెవరికీ తెలీదు. అసలు దాన్లో సెల్లు ఉందనే తెలీదు. నాన్న లెక్కలో అది ఎండతో నడిచే వాచీ.

బాబాయ్ విప్పి చూశాడు. సెల్లు కనపడింది. మద్రాసు బర్మాబజారు నుంచి సరుకు తెచ్చే మనిషి దగ్గర ఉన్న వాటిలో అదే సైజు సెల్లు ఒకటి చూసి వేశాడు. వాచీ చక్కగా నడిచింది. నాన్న మళ్ళీ తులసికోట మీద పెట్టడం మొదలుపెట్టాడు. అవి రోహిణీ కార్తె ముందు ఎండలు. నెలన్నర తిరక్కుండానే అంకెలన్నీ మాయమైపోయాయి.

ఆ రోజు నేను కొట్లోనే ఉన్నాను. బాబాయ్ మూత తీశాడు. కాసేపటిదాకా మాట్లాడలేదు. ఐగ్లాసు తీసి పక్కన పెట్టి, బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. నేను వంగి చూశాను. సెల్లు చుట్టూ తెల్లగా, అంచుల్లో పచ్చగా ఉప్పులా ఏదో పేరుకుపోయింది. "ఏమైంది బాబాయ్?" అంటే, "నా చేత్తో నేనే పాడు చేశానురా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంతకుముందెప్పుడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

వారం రోజులు ఆ వాచీ ఆయన దగ్గరే ఉంది. పగలు మామూలు పనులు చేసుకుని, రాత్రి కొట్టు కట్టేశాక తలుపు లోపల్నుంచి వేసుకుని కూర్చునేవాడని పిన్ని చెప్పింది. ఎనిమిదో రోజు పొద్దున్నే ఇంటికొచ్చాడు. వాచీ నడుస్తోంది. "సెట్ అయింది అన్నయ్యా. రోజూ చూపించినట్టే ఎండ చూపించు. రెండేళ్ళకోసారి నా దగ్గరికి పంపించు, దుమ్ము దులిపి ఇస్తాను" అన్నాడు. నాన్న సంతోషానికి హద్దు లేదు. ఆ రోజు ఇద్దరూ కలిసి అరుగు మీద కూర్చుని కాఫీ తాగారు.

*

ఆ తర్వాత కొన్నాళ్ళకి తాతయ్య పోయారు. కొబ్బరితోట పంపకాల్లో మాటా మాటా వచ్చింది. గట్టు ఎవరిది, బావి ఎవరిది అనేదాకా వెళ్ళి, అన్నదమ్ములకి మాటలు ఆగిపోయాయి. దాదాపు ఏడేళ్ళు. ఒకే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉంటూ. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు ఇటు వరసలో, ఒకరు అటు వరసలో కూర్చునేవారు.

వాచీ మాత్రం రెండిళ్ళ మధ్యా తిరిగేది. అప్పటికి నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో ఉన్నాను. ఎదుర్లంక రేవులో పంటు దాటి పండక్కి ఇంటికొచ్చేవాణ్ణి. సంక్రాంతి ముందు నాన్న వాచీ విప్పి నా చేతిలో పెట్టి, "ఇది ఆ కొట్లో ఇచ్చిరా. దుమ్ము దులపాలి కదా" అనేవాడు. తమ్ముడు అనేవాడు కాదు. అక్కడ బాబాయ్ నా చెయ్యి చూసి, "మాస్టారి వాచీయేనా?" అనేవాడు. అన్నయ్య అనేవాడు కాదు.

నేను బల్ల ముందు స్టూలు మీద కూర్చోగానే అర్ధరూపాయల చిల్లర తీసి ఇచ్చి, "వెళ్ళి టీ పట్రా" అని పంపేసేవాడు. చిన్నప్పుడు వద్దన్నా దగ్గర కూర్చోబెట్టుకుని హెయిర్ స్ప్రింగ్ చూపించిన మనిషి. నాకు మనసు చివుక్కుమనేది. మాటలు లేకపోతే మాత్రం నన్నూ దూరం పెట్టాలా అనుకునేవాణ్ణి. టీ తెచ్చేసరికి మూత బిగించేసి ఉండేది. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఎండ చూపిస్తున్నారా?" అని అడిగేవాడు. "రోజూ" అనేవాణ్ణి. "ఊఁ" అని వేరే వాచీ చేతిలోకి తీసుకునేవాడు.

*

1996 తుఫాను గురించి కోనసీమ వాళ్ళకి నేను చెప్పాల్సిందేం లేదు. దీపావళి సెలవుకని ముందే ఇంటికొచ్చి ఉన్నాను. ఆ రాత్రి మా పెంకులన్నీ లేచిపోయాయి. నలుగురం పందిరిమంచం కింద దూరి కూర్చున్నాం. నాన్న వాచీనీ, అమ్మ పుస్తెలతాడునీ, తోట కాగితాల్నీ ఒక సంచీలో చుట్టి ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశాడు.

తెల్లారి చూస్తే వీధి లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీదొకటి, కోసి పడేసిన చెరుకుగడల్లా పడి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ మానుల మీద ఎక్కి దిగుతూ ఒక మనిషి రావడం కనపడింది. మోకాళ్ళు గీరుకుపోయి, చేతిలో తడిసిన రొట్టెల పొట్లం. గుమ్మం ముందు నిలబడి, "అన్నయ్యా" అన్నాడు బాబాయ్. నాన్న లేచి వెళ్ళి భుజం పట్టుకున్నాడు. తోట మాట ఎవరూ ఎత్తలేదు. పంచుకోవడానికి తోటే లేదు.

వారం తర్వాత, కాస్త తేరుకున్నాక ఇనప్పెట్టె తెరిచారు. వాచీ నడుస్తూ ఉంది. సెకన్లు ఒకదాని వెనక ఒకటి మారుతున్నాయి. "చూశావురా! వారం చీకట్లో పెట్టినా ఆగలేదు. అంత వెలుగు దాచుకుంది లోపల" అని నాన్న తమ్ముడికి చూపించాడు. బాబాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని, నాన్న వంక చూడకుండా, "మంచి వాచీ అన్నయ్యా" అన్నాడు.

ఆ నెలంతా ఆయన కొట్టు ముందు వాచీలు గుట్టగా పోగుపడ్డాయి. ఉప్పునీళ్ళు తాగిన వాచీలు. తమవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు తెచ్చినవి కూడా ఉన్నాయి వాటిలో. వాటికి బాబాయ్ డబ్బులు తీసుకోలేదు.

*

నాన్న 2007 వేసవిలో పోయారు. అమ్మ ఆ వాచీని బాబాయ్‌కే ఇచ్చేసింది. "నీ చేతిలోనే బతికింది, నీ దగ్గరే ఉండనీ" అని. తర్వాత ఆయన చూపు మందగించింది, చేతులు వణకడం మొదలైంది, కొట్టు తీసేశారు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ 2016లో మూతపడుతోందని పేపర్లో వచ్చిన రోజున ఫోన్ చేసి ఆ వార్త నాతో రెండుసార్లు చదివించుకున్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి బయటికొచ్చినవాణ్ణి. సోల్డరింగు ఐరను, మీటరు ఇంట్లోనే ఉన్నాయి. విశాఖ తిరిగొచ్చిన రాత్రే భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి, బాబాయ్ ఐగ్లాసు కంటికి పెట్టుకుని కూర్చున్నాను.

మూతకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. మూడు కదిలాయి, నాలుగోది తుప్పు పట్టి తల అరిగిపోతోంది. బలం చేయలేదు. ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న అదే వచ్చింది. మూత పక్కకి తిప్పి పెట్టేటప్పుడు లోపలివైపు ఏవో గీతలు కనపడ్డాయి. పాత రిపేరు గుర్తులు. సూదిమొనతో మూత లోపల తారీకు గీయడం వాచీ రిపేరు వాళ్ళకి మామూలే. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను.

సెల్లు కారిపోయి ఉంది, అచ్చం ఆనాటిలాగే. ఆ తెల్ల పొడి క్షారం కాబట్టి దానికి పులుపు విరుగుడు. దూదిపుల్లకి ఒక చుక్క నిమ్మరసం అద్ది తుడిస్తే చిన్నగా నురగ లేచింది. నురగ ఆగేదాకా తుడిచి, ఆ పులుపు కూడా మిగలకుండా స్పిరిటుతో కడిగి ఆరబెట్టాను. సెల్లు కింద రాగి దారి ఒకచోట తినేసింది. ఫోను వైరులోంచి ఒక్క పోగు తీసి దానికి వంతెన కట్టాను. ఐగ్లాసులో చూస్తే ఇంకా ఆశ్చర్యం, అదే దారికి కాస్త పైన ఇంకో వంతెన ఉంది. తలవెంట్రుకంత రాగి పోగు, ఆవగింజలో సగం సోల్డరు. సోల్డరింగు నేర్చుకోని మనిషి, బొగ్గుల మీద కాల్చిన ఇనప కడ్డీతో, 1986లో చేసిన పని. ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు చేసిన నేను వేసిన దాని కన్నా అది చిన్నగా ఉంది.

బయటి నుంచి ఒకటిన్నర ఓల్టు ఇస్తే అంకెలన్నీ ఒకదాని మీదొకటి కలగాపులగంగా వచ్చాయి. భయపడక్కర్లేదు. ఇలాంటి వాచీల్లో ఏసీ అని రాసి ఒక చిన్న చుక్క ఉంటుంది. సెల్లు వేశాక ఆ చుక్కకీ సెల్లు పై మొహానికీ ట్వీజరుతో ఒక్క క్షణం వంతెన వేస్తే మెదడు మొదటికొస్తుంది. వేశాను. 12:00 00. తర్వాత 01. తర్వాత 02.

నిమిషాల అంకెలో కుడివైపు పై గీత రావట్లేదు, 8 వచ్చినప్పుడు 6లా కనపడుతోంది. అద్దానికీ సర్క్యూటుకీ మధ్య ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. ఒక పొర కరెంటు పోనిచ్చే నల్ల రబ్బరు, ఒక పొర పోనివ్వని తెల్ల రబ్బరు, అలా వరసగా వందల పొరలు. తీగలు లేకుండా ఒక్కో గీతకీ ఒక్కో దారి. దానిమీద మరక ఉంది, తుడిస్తే గీత వచ్చింది. ఇది విప్పేటప్పుడే గంట కూసే స్ప్రింగు ఎగిరిపోయింది. నువ్వుగింజంత పొడవు. మూతకి అతికించిన పలుచటి పళ్ళేనికి కరెంటు అందించేది అదే, అది లేకపోతే వాచీ మూగదే. ఫ్యాను ఆపేసి, ఉన్నచోటే కదలకుండా కూర్చుని, తర్వాత నేలంతా మెత్తగా ఊడ్చి, దుమ్ము కాగితం మీద పోసి అయస్కాంతం తిప్పాను. మూడోసారికి అంటుకుని లేచింది.

ఇక మిగిలింది ఎండ.

నాలుగు గడుల్లో ఒక్కోటి సుమారు అర ఓల్టు ఇస్తుంది. నాలుగూ వరసగా కలిస్తే రెండు. సెల్లు ఒకటిన్నర కాబట్టి దాన్ని నింపడానికి ఆ పైన ఉండే కొంచెం చాలు. రాత్రి సెల్లులో ఉన్నది వెనక్కి పారిపోకుండా మధ్యలో ఒక డయోడు కాపలా. పలక బయటికి తీసి బాల్కనీలో ఎండకి పెడితే మీటరు రెండు దాటి చూపించింది. నలభై ఏళ్ళయినా పలక బ్రహ్మాండంగా ఉంది. కానీ వాచీలో బిగించి చూస్తే సెల్లు వైపు ఒక్క మైక్రోయాంపు కూడా రావట్లేదు. డయోడు బాగుంది. తీగ బాగుంది. రెండు గంటలు వెతికాను.

పలక మీదికి కరెంటు అందుకునే స్ప్రింగు మొనకి ఏదో అంటుకుని ఉంది. ట్వీజరుతో తీశాను. కాగితం. కొబ్బరిపుల్ల కొనంత ముక్క, ఒక మడత వేసి ఉంది. ఐగ్లాసులో ఒకవైపు ఎర్రసిరా ఒంపు కనపడింది. గోడ క్యాలెండరు కాగితం. ఆదివారాలూ పండగలూ ఎర్రగా వేస్తారు కదా, అందులో ఏదో అంకె ముక్క.

అది పొరపాటున పడింది కాదు. కత్తెరతో కత్తిరించింది, కొలతకి మడిచింది.

నేను మూత తీసి దీపం కిందకి తెచ్చాను. సూదితో గీసిన అంకెలు అంచు చుట్టూ గుండ్రంగా ఉన్నాయి. 6-86. 1-88. 1-90. 12-91. 1-94. 1-96. అలా సాగుతూ పోయాయి.

మామూలు సెల్లు మళ్ళీ నింపడానికి చేసింది కాదు. ఎండ నుంచి వచ్చే కరెంటు దాన్లోకి తోస్తూ ఉంటే లోపల వాయువు పుట్టి, ఉబ్బి, క్షారం కక్కుతుంది. ఆ వారం రోజుల్లో, తలుపేసుకుని, ఎవరూ చెప్పకుండా బాబాయ్ అది పట్టుకున్నాడు. ఛార్జింగు సెల్లు ఆయనకి దొరికే దారి లేదు. అందుకని ఎండకి అడ్డంగా ఆ కాగితం పెట్టాడు. మామూలు సెల్లు రెండేళ్ళు వస్తుంది. రెండేళ్ళకోసారి దుమ్ము దులపడమంటే అదీ. నన్ను టీకి పంపించిందీ అందుకే. తారీకులన్నీ సంక్రాంతి ముందువే, మొదటిది తప్ప. సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకే రథసప్తమి. ఆ రోజు చిక్కుడాకు మీద వాచీ ఆగి కనపడకూడదు.

ఇరవై ఏళ్ళపైన నాన్న రోజూ పొద్దున్నే వాచీని తులసికోట మీద పెట్టాడు. ఆ ఎండ లోపలికి వెళ్ళలేదు. తన చేత్తో పాడు చేశానన్న మాట అన్నకి చెప్పుకోలేక దాచాడా, అన్న నమ్మకం పోగొట్టడం ఇష్టంలేక దాచాడా? రెండూ అయ్యుంటాయి. మాటల్లేని ఏడేళ్ళలోనూ నాలుగు గీతలున్నాయి. వేలితో తడిమి లెక్కపెట్టాను.

ఆఖరి మూడు గీతలు చూసినప్పుడు మాత్రం ఐగ్లాసు తీసేయాల్సి వచ్చింది, కన్ను మసకేసి. 1-08. 1-10. 12-11. వంకరటింకరగా, ఒకదానికొకటి దూరంగా, వణికే చేత్తో గీసినవి. అప్పటికి నాన్న లేడు.

*

సరైన ఛార్జింగు సెల్లు ఇప్పుడు దొరుకుతోంది. 9.5 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం, టైటానియం లిథియం రకం. తెప్పించి వేశాను. కాగితం తీసేసి బిగించి బాల్కనీలో పెడితే మీటరు ముల్లు లేచింది. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కొట్టుకుంటుంది. చిప్పు దాన్ని పదిహేనుసార్లు సగం సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒక్కటి మిగులుతుంది. ఇదంతా తెలిసి కూడా నేను ఆ వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాను.

మూత బిగించే ముందు సూది తీసుకున్నాను. నా తారీకు కూడా గీయాలనిపించింది. చోటుంది. గీయలేదు. కాగితం ముక్కని బాబాయ్ ఐగ్లాసు డబ్బాలో పెట్టుకున్నాను.

వాచీ పట్టుకెళ్ళి పిన్నికి ఇచ్చి, కాగితం సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"సెల్లు మారుస్తారని తెలుసురా. ఎప్పుడో ఓసారి, అన్నయ్యకి చెప్పొద్దు అన్నారు. నేనెవరికి చెప్తాను? కొట్టు తీసేశాక కూడా ఇదొక్కటే దిండు పక్కన పెట్టుకునేవారు. గంటకోసారి టీటీ అని కూసేది. నిద్ర పట్టక నేను విసుక్కునేదాన్ని" అంది. వాచీని కొంగుతో తుడిచి, "మరి ఇప్పుడు నిజంగా ఎండతోనే నడుస్తుందా?" అని అడిగింది.

"నిజంగానే పిన్నీ."

వంటింటి కిటికీలో, తూర్పువైపు, ఉప్పు జాడీ పక్కన పెట్టుకుంది. వానాకాలం వచ్చింది. రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ఫోన్ చేస్తోంది.

"ఇవాళ కూడా మబ్బుగానే ఉందిరా. ఫర్వాలేదా?"

"నెలల తరబడి చీకట్లో ఉన్నా నడుస్తుంది పిన్నీ, నువ్వేం కంగారుపడకు."

"ఆయ్. అయినా అరుగు మీద పెట్టాను. అక్కడైతే కొంచెం వెలుగొస్తుంది."